పొలానికి వెళ్ళని పెంట

మా అమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. ఆ వేసవిలో మా పెరట్లోని ఆరు కొబ్బరి పిల్లచెట్ల మొవ్వుల్లో కొమ్ము పురుగు పట్టకుండా మా ఆయన పురుగుమందు పొడి ఇసుకలో కలిపి పోశారు. ఆ చెట్లు నా ఎత్తు కూడా లేవు. గాలి వీస్తే ఇసుక కిందికి రాలేది. పిల్ల ఆడుకునేది అక్కడే. ఒకరోజు దాని గుప్పెట్లో ఆ ఇసుక చూసి, వేళ్ళు విప్పి కడిగి, నోరు కడిగి, సాయంత్రం దాకా చంక దించలేదు. మందు మానెయ్యమంటే, చెట్లు చస్తే నువ్వు తెస్తావా అన్నారు మా ఆయన.

కొమ్ము పురుగు మొవ్వును తొలిస్తే, ఆ తర్వాత విచ్చుకునే మట్ట కత్తెరతో కోసినట్టు ఉంటుంది. ఆ పురుగు కుళ్ళిన దుంగల్లో గుడ్లు పెడుతుందని అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు నేర్చుకున్నాను. గోడ అవతల మా చినమామగారు రొయ్యల చెరువు కోసం కొబ్బరితోట సగం నరికించి, ఆ దుంగల్నే గట్టు జారకుండా వరసగా పేర్పించారు. రెండేళ్ళుగా అవి అక్కడే కుళ్ళుతున్నాయి. నాకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. ఆయన అరుగు మీద నలుగురితో కూర్చుని ఉండగా వెళ్ళి, ఆ దుంగలు తగలబెట్టించమని, వాటివల్లే నా పిల్ల ఆడుకునే చోటికి విషం వచ్చిందని అనేశాను. మా ఇంటి కోడళ్ళెవరూ ఆయనతో అలా మాట్లాడలేదు.

ఆయన అరవలేదు. గునపం తీసుకుని మా పెరట్లోకి వచ్చారు. నేరుగా పశువుల పాక వెనక పెంటపోగు దగ్గరికి వెళ్ళి, ఒక్క పోటు పొడిచి తిరగేశారు. బొటనవేలంత లావు తెల్ల పురుగులు, కొమ్ము పురుగు పిల్లలే, వంకర తిరిగి, ఒకదానిమీద ఒకటి.

"ఇయ్యి కూడా నా గట్టు మీంచి నడిచొచ్చేయా? పెంట పొలానికి తోలి ఎన్నేళ్ళయ్యింది? మీ పుస్తకంలో అది రాయలేదాండీ, కోడలుగారూ?"

మా అత్తగారు తల తిప్పుకున్నారు. ఏటా ఎండల్లో పెంటంతా బండ్ల మీద పొలానికి వెళ్ళిపోయేది. మా రెండెకరాలు రొయ్యలకి కౌలుకిచ్చాక తోలడానికి చేను లేదు. ఆవు మాత్రం ఉంది. రోజూ పేడ ఎత్తి ఆ పోగులో వేస్తున్నది నేనే. నాకు తట్టనే లేదు.

పోగు ఖాళీ అయితే పొడి మానేస్తానన్నారు మా ఆయన. మా వైపు ఇంకా వరి ఊడుస్తున్న చేను ఒక్కటే, కాలువ పక్కన. అదీ చినమామగారిదే. మర్నాడు పిల్లని ఎత్తుకుని వెళ్ళి, పెంట అందులోకి తోలనిమ్మని అడిగాను. నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, ఆయన తీరిగ్గా కాఫీ తాగారు.

"నిన్న నా దుంగల్లో విషవుందన్నావు. ఇయ్యాళ నా చేను కావల్సొచ్చిందా?"

"ఆయ్. కావాలండీ."

"పురుగులేరి పంపు. ఒక్కటి కనపడినా బండి వెనక్కొస్తుంది."

రెండురోజులు ఏరాను. పురుగుల్ని వేసి చంపడానికి అత్తగారు బకెట్లో వేడినీళ్ళు అందించారు తప్ప చెయ్యి పెట్టలేదు. మూడు బండ్లు వెళ్ళాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. దుంగల మాట మళ్ళీ నేను ఎత్తలేదు, ఆయన వాటిని తీయించనూ లేదు.

నెల తిరక్కుండానే గోడవైపు చెట్టుకి మట్ట ఒకటి కోసినట్టే విచ్చుకుంది. మా ఆయన చూస్తే పొడి మళ్ళీ వస్తుంది. ఆ మట్ట నరికి ఆవుకి వేసేశాను. ఇనపచువ్వ కొన కొక్కెంలా వంచి, రోజూ ఆయన లేవకముందే మొవ్వులన్నీ వెతికేదాన్ని. దొరికిన పురుగుని బయటికి లాగి, రాయితో కొట్టి, గోడ మీంచి చినమామగారి గట్టు మీదకి విసిరేదాన్ని.