సులోచన సగంలో ఆపిన జవాబు: తిరువళ్ళూరు మీదుగా కే.జీ.కండిగైకి

నా స్నేహితురాలు సులోచన పోయి పది నెలలు దాటింది. కొండమీది ఒక వేధశాలలో ఆమె ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. వినడానికి అది చిన్న పనే. రోజూ పొద్దున దూరదర్శినిలోంచి సూర్యుడి ప్రతిబింబం తెల్లకాగితం మీద పడేలా చేసి, అందులో కనబడే నల్లమచ్చలను పెన్సిలుతో గీసి లెక్కపెట్టడం. ఆ బొమ్మలను ఆధారం చేసుకుని ఎందరో పరిశోధనా వ్యాసాలు రాశారు. వాటి చివర పరిశీలకులకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉండేది. ఆ మాట వెనకాల సులోచన ఉందని తెలిసినవాళ్ళు బహు తక్కువ. రిటైరయ్యాక మద్రాసులో మా వీధిలోనే ఇల్లు తీసుకుంది. ఆసుపత్రిలో చేరేముందు ఒక అట్టపెట్టెనూ, తన సొంత చిన్న దూరదర్శినినీ నాకు అప్పగించి వెళ్ళింది. ఆమె పోయాక ఆ పెట్టె పది నెలలు నా మంచం కిందే ఉంది. తెరిస్తే ఆమె చేతిరాత కనిపిస్తుందని భయం.

ఈ సెప్టెంబరులో ఇంటికి సున్నం వేయించాల్సి వచ్చి తెరిచాను. సూర్యుడి బొమ్మల మధ్య ఒక కవరు దొరికింది. కే.జీ.కండిగైలో ఉండే సులోచన తమ్ముడి కూతురు దివ్య, ప్లస్‌టూ చదువుతూ కిందటేడు ఆగస్టులో తమిళంలో రాసిన ఉత్తరం. ‘అత్తా, నీలాగా సూర్యుణ్ణి చూసే ఉద్యోగం చేయాలంటే ఏ గ్రూపు చదవాలి? మా టీచరుకు తెలియదంట. నావంటిదానికి వస్తుందా?’ దాని వెనకే సులోచన మొదలుపెట్టిన జవాబు ఉంది. ఒకటిన్నర పేజీ రాసి ఆపేసింది. అప్పటికి ఆమెకు పెన్ను పట్టే ఓపిక కూడా పోయి ఉండాలి. నేను ఆ పెట్టెను డిసెంబరులో తెరిచి ఉంటే, మే నెలలో కాలేజీ ఫారాలు ఇచ్చేనాటికి ఆ పేజీన్నర పిల్ల చేతిలో ఉండేది. దివ్య తండ్రి దామోదరానికి ఫోను చేసి వస్తున్నానని మాత్రం చెప్పాను. మిగతాది ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం బయల్దేరాను. మద్రాసు సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషను నుంచి కే.జీ.కండిగైకి దగ్గరి పట్నమైన తిరుత్తణికి నేరుగా బళ్ళున్నాయి కాని, తక్కువ. నేను చేరేసరికి పొద్దుటి బండి వెళ్ళిపోయింది. అందుకని ఏడుంబావుకు తిరువళ్ళూరు లోకల్ ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయల లోపే. గంటా పది నిమిషాలు పట్టింది. ఆవడి దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. దూరదర్శిని సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటులో కంపెనీ గుర్తింపు కార్డులు మెడలో వేసుకున్న అమ్మాయిలు నలుగురు, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు.

తిరువళ్ళూరు బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని, ఇడ్లీలు వేస్తున్నావిడ కూడా తెలుగులో పలకరించింది.

“ఏందక్కా ఆ సంచి, వీణా?”

“కాదమ్మా, దూరదర్శిని. సూర్యుణ్ణి చూసేది.”

“సూర్యుణ్ణి చూసేదానికి అదెందుకక్కా? పొద్దన్నించీ నెత్తిమీదనే కాలస్తా ఉండాడు కదా!” అని నవ్వి, అడక్కుండానే ఇంకో గరిటె సాంబారు పోసింది. ఆ రోజు నేను నవ్వింది అక్కడొక్కచోటే.

అక్కణ్ణుంచి తిరుత్తణికి బస్సులో గంటకు కాస్త ఎక్కువ పడుతుంది, టికెట్టు నలభై లోపు. తిరుత్తణి నుంచి కే.జీ.కండిగైకి టౌన్ బస్సు. అందులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కృత్తిక రోజుల్లో మాత్రం తిరుత్తణి కొండమీది గుడికి వచ్చే జనంతో ఈ దారిలో బస్సుల్లో కాలు పెట్టలేరు, చూసుకుని బయల్దేరండి. నేను ఊళ్ళో దిగేసరికి పదకొండున్నర. దామోదరం బస్సు దగ్గరికే వచ్చాడు. వాళ్ళది నేతపని చేసే కుటుంబం. మగ్గం ఆపేశాక కొన్నాళ్ళు కాట్టుపల్లి ఓడరేవు దగ్గర కాంట్రాక్టు పనికి పోయాడు. అదీ అయిపోయి ఇప్పుడు ఊళ్ళో బట్టలకొట్టులో కూర్చుంటున్నాడు.

“దివ్య ఏదీ?” అని అడిగాను, ఇంట్లో అడుగు పెడుతూనే.

“కంపెనీకి పోయినాదక్కా. జూన్‌లోనే చేరినాది. ఫోన్లకు పార్ట్స్ బిగించే పని. మూడుకంతా కంపెనీ వేను వస్తాది.”

నేను అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయనకు అర్థం కాక మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

భోజనాలయ్యాక సులోచన బొమ్మలు చాప మీద పరిచాను. ఒక్కో కాగితం మీద ఒక గుండ్రటి గీత, లోపల చిన్న చిన్న మచ్చలు, అంచున తేదీ, గంట. దామోదరం చాలాసేపు వంగి చూశాడు.

“ఇదాక్కా మాయక్క చేసిన పని? ఊర్లో ఎవురన్నా అడిగితే ఆఫీసులో ఉండాది అని చెప్తావుంటిమి. ఏం ఆఫీసో మాకూ తెలీదు. అది చెప్పలా, మేమూ అడగలా. బిడ్డతో మాత్రం సూర్యుడని ఏందో మాట్లాడతా ఉండె.”

నాకు తెలిసినంతలో ఆయనకు చెప్పాను. ఈ మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంటాయని, అది తెలియాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి మానకుండా గీస్తూనే ఉండాలని. వందేళ్ళ క్రితం పరదేశంలో కూడా ఇలాగే ఆడవాళ్ళు వెనక గదుల్లో కూర్చుని, గాజుపలకల మీద పడ్డ నక్షత్రాలను ఒక్కొక్కటే కొలిచారని, ఇవాళ మనం నక్షత్రాల గురించి చదువుకునేదాంట్లో చాలా భాగం వాళ్ళు కళ్ళు అరగదీసుకుని కనిపెట్టిందేనని. అప్పుడు ఉత్తరం సంగతి కూడా చెప్పాను. పెట్టె నా మంచం కిందే ఉండిపోయిందన్నది దాచలేదు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మూడు దాటాక దివ్య వచ్చింది. సన్నగా, ఎత్తుగా ఉంది. మాట్లాడబోయే ముందు తల కొంచెం పక్కకు వంచే తీరు అచ్చం సులోచనదే. కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. సులోచన జవాబు చేతికిచ్చి, నా తప్పు నేనే చెప్పుకున్నాను. అక్కడే చదివింది. తమిళంలో ఉన్నదాన్ని నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను. ‘దివ్యా, ముందు బీఎస్సీ ఫిజిక్స్ చేరు. ఇంగ్లీషుకు భయపడవద్దు. నేను భయపడి పదేళ్ళు మీటింగుల్లో నోరు తెరవలేదు. నా బొమ్మల మీద నా పేరు రాసుకోలేదు. రాయవద్దని ఎవరూ అనలేదు, నేనే అడగలేదు. నువ్వు మాత్రం మొదటి రోజునుంచే’ — అక్కడితో ఆగిపోయింది.

దివ్య రెండోసారి చదివి మడిచింది.

“అత్త బదులు రాయలేదంటే, నాకు అంత తెలివి లేదు, ఆ మాట ఎట్ల చెప్పేదని రాయలేదేమో అనుకున్నా” అంది.

“హాస్పిటల్‌లో ఉండాదని నీకు తెలుసు కదమ్మా” అన్నాడు తండ్రి.

“తెలుసు నాయనా. అయినా అట్లనే అనుకున్నా. పరీక్షలో నూటికి తొంభై నాలుగు వచ్చినా ఫిజిక్స్‌లో, ఫారం తెమ్మని నిన్ను అడగలే. అందుకే.”

దామోదరం తలెత్తలేదు. ఆ మార్కులు ఆయనకు అప్పుడే తెలిశాయని నాకనిపించింది.

మబ్బు పట్టకముందే చూద్దామని దూరదర్శినిని వాకిట్లో నిలబెట్టాను. కాగితం దివ్యే పట్టుకుంది. వెలుగు అటూ ఇటూ జారి, చివరకు రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద వృత్తమై నిలిచింది. అందులో మూడు మచ్చలు, వాటిలో ఒకటి జంట. “కదలతా ఉండాది అత్తా!” అంది దివ్య. భూమి తిరగడం వల్ల వెలుగు జరుగుతున్న సంగతి నేను చెప్పేలోపే, తనే కాగితాన్ని దాని వెంట జరపడం నేర్చుకుంది. రోజంతా సన్నటి పార్టులు బిగించే చేయి కదా, వణుకు లేదు. మచ్చలు గీసి, అంచున తేదీ, గంట వేసింది.

“పేరు కూడా రాయి” అన్నాను.

పెన్సిలు కాసేపు కాగితం మీదే ఉంచింది. “మళ్ళా రాస్తాలే అత్తా” అని నాకు తిరిగి ఇచ్చేసింది.

అయిదున్నర బస్సుకు ఇద్దరూ వచ్చారు. వచ్చే ఏడు ఫారం తానే తెస్తానన్నాడు దామోదరం. బస్సు కనబడ్డాక దివ్య అడిగింది, “ఒక ఏడు చదువు విడిస్తే మళ్ళా చేర్చుకుంటారా అత్తా?” చేర్చుకుంటారని చెప్పాను. అది నిజమే. కాని కంపెనీ, ఇల్లు, వ్యాను, ఇవన్నీ ఆ పిల్లను మే నాటికి వదులుతాయా అన్నది నాకు తెలియదు. దూరదర్శినిని వాళ్ళింట్లోనే వదిలి వచ్చాను. మొదటి రెండు ఆదివారాలు బొమ్మ గీసి ఫోటో పంపింది. మూడో ఆదివారం ఫోటో రాలేదు. ఓవర్‌టైమ్ అని మర్నాడు రాసింది.

ఆ సాయంత్రం తిరుగు బండిలో చాలాసేపు సులోచన మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద. మనకు తెలిసిన ఒక్క ముక్క ఎక్కడో ఒక పిల్లకు దారి అవుతుందని తెలిసి కూడా, దుఃఖం పేరు చెప్పి దాన్ని మూసి పెట్టుకుంటాం. సులోచన ముప్పై ఏళ్ళు ఒక్క రోజు కూడా సూర్యుణ్ణి వాయిదా వేయలేదు. మబ్బు పట్టిన రోజున మబ్బు అని రాసి సంతకం లేకుండా వదిలేది. ఆమె పోయాక కూడా సూర్యుడి మీద మచ్చలు వస్తూనే ఉన్నాయి, గీసేవాళ్ళు గీస్తూనే ఉన్నారు. కే.జీ.కండిగైలో గీయగల చేయి ఒకటుంది. ఆ చేతికి నేను ఏడాది ఆలస్యంగా చేరాను.

ఇలా ఊళ్ళకు దూరదర్శిని తీసుకెళ్ళాలనుకునేవారికి ఒక సలహా. సూర్యుణ్ణి అందులోంచి కంటితో ఎవరినీ చూడనివ్వకండి, కాగితం మీదే పడనివ్వండి. అది అందరూ చెప్పేదే. నేను చెప్పేది ఎప్పుడు వెళ్ళాలన్నది. ప్లస్‌టూ చదివే ఆడపిల్లల కోసం వెళ్తుంటే పరీక్షలు అయిన వెంటనే, ఏప్రిల్‌లోనే వెళ్ళండి. ఎండ బాగుంటుంది, మబ్బు ఉండదు, ఫారాలు ఇంకా ఇచ్చి ఉండరు. సెప్టెంబరులో వెళ్తే, వాళ్ళు మూడు గంటల వ్యాను దిగి వచ్చేదాకా కూర్చోవాలి.