కూజా మీది ముసలోడు

ఓడెక్కి వచ్చిన రంగం పట్నంలో, సీమసారా అమ్మే తెల్లదొర ఇంట్లో నేను పాచిపని చేసేదాన్ని. ముందుగదిలో ఒక గ్రీకు కూజా ఉండేది. దాని మీద, తాగి తూలుతున్న ముసలోణ్ణి గాడిదెక్కించి, గుర్రపు తోకలున్న మగాళ్లు చెరోపక్కా పట్టుకుని నడిపిస్తుంటారు.

"వీళ్లేటమ్మా?" అనడిగాను.

"సాటిర్లు. ద్రాక్షసారా దేవుడి నేస్తాలు," అని దొరసాని నవ్వింది.

మా ఆయనకీ నేస్తాలుండేవాళ్లు. అందరూ ఒకే ఓడలో వచ్చిన రేవు కూలీలు, రోజూ కలిసి తాగేవాళ్లు. ఒక సాయంత్రం, నది అవతలి దలా నుంచి వచ్చే పడవ దిగుతూ ఆయన తూలి నదిలో పడిపోతే, ఆ సచ్చినోళ్లల్లో ఒక్కడూ చెయ్యందించలేదు. పెద్దకర్మకి మాత్రం అంతా వచ్చి, ఆయన పేరు చెప్పుకుని తాగి ఏడ్చారు.

మర్నాడు పనికెళితే దొరసాని కూజా తుడవమంది. తుడిచాను. ఆ ముసలోడు ఇంకా పడలేదు.