చేతులు కట్టుకుని కూర్చోవడం

నిన్న సాయంత్రం ఈదురుగాలికి మా పటమట అంతా కరెంటు పోయింది. కిటికీలోంచి తడిసిన దుమ్ము వాసన గదంతా నిండింది. చాలాసేపటికి ఫ్యాను ఒకసారి మూలిగి కదిలింది, ఎదురింటి టీవీ ఎవరి మాటనో సగంలో అందుకుని అరిచింది, గోడమీది వైఫై డబ్బాలో చిన్న దీపం మిణుక్కుమనడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళంతా ఫ్యాను కిందికి చేరారు. నేను మాత్రం వెళ్ళి ఆ దీపం ముందు నిలబడ్డాను. "ఆ డబ్బాకి దండం పెట్టుకుంటారేమిటండీ, ఇటొచ్చి కూర్చోండి" అంది మా ఆవిడ. పెట్టుకున్నా తప్పులేదు. అది మిణుకుతున్నంతసేపూ "నేను లేచాను, నాకో నంబరు ఇవ్వండి" అని ఎవరినో అడుగుతూ ఉంటుంది. నిలకడగా వెలిగిందంటే అవతల ఎవరో ఇచ్చినట్టు. ఆ మిణుకుకీ ఆ నిలకడకీ మధ్య నాకు సుజాత గారు కనిపిస్తారు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి ముందు నా గొప్ప కొంత చెప్పాలి. ఒకప్పుడు విజయవాడ మొత్తానికి ఇంటర్నెట్ నంబర్లు పంచిపెట్టింది నేనే. ఇంట్లో కంప్యూటరైనా, కొట్టులో బిల్లు మిషనైనా, లాడ్జీలో వైఫై అయినా నా చేతిమీదుగా వెళ్ళాల్సిందే. సరే, మొత్తం విజయవాడ కాదు. గవర్నర్‌పేటలో ఒక మేడమీద చిన్న కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు మాది, అటు గుణదల దాకా కొన్ని వీధులు. నా చేతిమీదుగా కూడా కాదు. ఒక సర్వర్ ఉండేది, దాన్ని చూసుకోవడం నా పని. డీహెచ్‌సీపీ సర్వర్ అంటారు. అది ఇచ్చే నంబరు లేందే ఏ డబ్బాకీ ఇంటర్నెట్ రాదు. లాడ్జీలో కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా లాంటిది. వచ్చినవాడికి ఖాళీగా ఉన్న గది చూసి తాళం ఇవ్వాలి, ఎవరికేది ఇచ్చిందీ రాసుకోవాలి, గడువైపోయాక వెనక్కి తీసుకోవాలి. పెడనలో మగ్గం చప్పుడు మధ్య పుట్టి, స్తంభాలెక్కి కేబుల్ తీగలు లాగి, మోకాళ్ళు అరిగాక ఏసీ గదిలోకి వచ్చినవాణ్ణి నేను. ఆ కుర్చీలో కూర్చున్నందుకే నన్ను నేను జమీందారు అనుకునేవాణ్ణి.

సుజాత గారు మా మీద అధికారిగా వచ్చేసరికి ఆవిడకి మా పెద్దమ్మాయి వయసు. గుణదల అమ్మాయి. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ గారితో కలిసి అక్కడే కొండ కింద ఉండేది. మేరీమాత తిరునాళ్ళకి జనం వచ్చే వీధి పక్కనే ఇల్లు. ఆవిడ వచ్చిన కొత్తలోనే పెద్ద గాలివాన వచ్చింది, ఊళ్ళో సగం కరెంటు పోయింది. పోయినప్పుడు మాకేం బాధ లేదు. బాధంతా వచ్చినప్పుడే. అన్ని ఇళ్ళలో డబ్బాలూ ఒక్కసారి లేచి నంబరు, నంబరు అంటూ మీద పడతాయి. రైలు దిగిన జనమంతా ఒకే కౌంటర్ ముందుకు తోసుకొచ్చినట్టు. మా సర్వర్ బిగుసుకుపోయింది. ఆఫీసు ఫోన్లన్నీ మోగుతున్నాయి. నేను వీరుడిలా లేచి రీస్టార్ట్ చేశాను. మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ చేశాను.

"ఆపండి మల్లేశ్వరరావు గారూ!" వెనకనుంచి ఆవిడ అరిచింది. "అది తన పుస్తకం మొదటినుంచీ చదువుకుని కళ్ళు తెరిచేలోపే మీరు దాని మెడ పిసికేస్తున్నారు. ఈలోగా జవాబు రానివాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. వరస పెరుగుతోందా తగ్గుతోందా?"

"మరి ఏం చేయమంటారు మేడం?"

"కాసేపు ఏమీ చేయకండి. చేతులు కట్టుకుని కూర్చోండి."

ఆ మాట నాకు గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్ళ వాణ్ణి, నన్నా చేతులు కట్టుకోమనేది? ఆ రోజంతా నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం సాయంత్రం రెండు టీలు తెప్పించి, ఒకటి నా ముందు పెట్టి, "బాబాయ్ గారూ, కోపం దిగాక చెప్పండి, ఈ సర్వర్‌ని ఇద్దరం కలిసి సన్నం చేద్దాం" అంది. మేడం అనడం నేను ఆ రోజుతో మానేశాను. అమ్మా అనడం మొదలుపెట్టాను. మానేశానంటే, కోపం దిగాకనే లెండి. దానికి వారం పట్టింది.

సన్నం చేయడమన్నది ఆవిడ మాటే. ముందు దాని నోరు తగ్గించింది. ఎవరు వచ్చారు, ఏమడిగారు, నేనేమన్నాను, వాళ్ళేమన్నారు అని ప్రతిదీ లాగ్‌లో రాసుకుంటూ కూర్చునేది ఆ సర్వర్. "పని తక్కువ, కబుర్లు ఎక్కువ. అచ్చం మీలాగే" అని నవ్వింది. అవసరమైనవి తప్ప తక్కినవన్నీ రాయడం మాన్పించింది. తర్వాత జ్ఞాపకం సంగతికి వచ్చింది. సర్వర్‌కి ర్యామ్ ఎప్పుడూ చాలడంలేదని నేను ఫిర్యాదు చేస్తూ ఉండేవాణ్ణి. ఆవిడ సెట్టింగులు తెరిచి చూసి, నా వైపు తిరిగి కళ్ళజోడు తీసింది.

"ఇన్ని లక్షల నంబర్లు ఎవరికి బాబాయ్ గారూ? మనకున్న ఇళ్ళెన్ని?"

"రేపు పెరగవా అమ్మా? ఊరు పెద్దదవుతోంది."

"పెరిగినప్పుడు పెంచుదాం. ఖాళీ గది కూడా దీని బుర్రలో చోటు తింటుంది. ఒక్కో దానికీ ఒక్కో చీటీ తగిలించుకుని మోస్తోంది పాపం. ఉన్నదానికంటే పెద్దగా చెప్పుకోవడం మీ అలవాటు, దీనికీ అంటించారు."

నేను రోషం తెచ్చుకోవాలని ప్రయత్నించాను గానీ నవ్వొచ్చింది. నిజమే కదా. మా వీధులకి సరిపడా ఉంచి, కాస్త మిగులు చూసుకుని, తక్కినవి కోసేసింది. మర్నాటికి సర్వర్ ఒళ్ళు తగ్గిన మనిషిలా కులాసాగా తిరుగుతోంది.

అసలు కష్టమంతా రాతలో ఉంది. ఇచ్చిన ప్రతి నంబరునీ డిస్కులో రాసుకున్నాకే అవతలివాడికి జవాబు చెప్పాలి. రాయకుండా చెబితే, తను పడి లేచాక ఎవరికేది ఇచ్చిందో తెలియక ఒకే గది ఇద్దరికి ఇస్తుంది. ఆ జాగ్రత్త తీసేయకూడదు, కానీ జనం మీద పడినప్పుడు ఆ రాతకయ్యే ఆలస్యమే కొంప ముంచుతుంది. నాకు అర్థం కావడానికి ఆవిడ బంతిభోజనాల పోలిక తెచ్చింది. "మీ పెడనలో పెళ్ళిలో పప్పు ఎలా వడ్డిస్తారు? ఒక విస్తట్లో వేసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, ఇంకో గరిటె తెచ్చి వేస్తారా?" అంది. "బకెట్టు పట్టుకుని బంతి చివరిదాకా వెళతాం" అన్నాను. "మరి దీన్నెందుకు గరిటె గరిటెకీ వంటింటికి తిప్పుతున్నారు?" అంది. అప్పటినుంచి సర్వర్ కొందరు పోగయ్యేదాకా ఒక్క క్షణం ఆగి, అందరివీ ఒకేసారి రాసి, అందరికీ ఒకేసారి జవాబు చెప్పడం నేర్చుకుంది. నేను కూడా ఏదో నేర్చుకున్నాను. కానీ ఎవరడిగినా "నేనే కనిపెట్టాను" అని చెప్పుకునేవాణ్ణి. ఆవిడ పక్కనే ఉండి "అవునండీ, బాబాయ్ గారే" అనేది.

చివరగా గడువు. నంబరు ఎవరికీ శాశ్వతం కాదు, కొంత గడువుకి ఇస్తారు. నేను మరీ చిన్న గడువు పెట్టాను, అందరూ మాటిమాటికీ వచ్చి అడుగుతుంటే దర్జాగా ఉంటుందని. ఆవిడ పెంచింది. "ఇందులో ఒక మంచి పద్ధతి ఉంది చూడండి. గడువు అయిపోయేదాకా ఎవరూ ఆగరు. సగం కాగానే వచ్చి 'ఇంకొన్నాళ్ళు ఉండనా' అని అడుగుతారు. అప్పుడు సర్వర్ జవాబు చెప్పలేకపోయినా ఏమీ కాదు, ఇంకా సగం చేతిలో ఉంటుంది. కంగారు లేదు" అంది.

ఆ రోజుల్లోనే ఆవిడ నన్ను కూర్చోబెట్టి పనంతా నా చేత చేయించడం మొదలుపెట్టింది. తను మౌస్ ముట్టుకునేది కాదు. నేను తప్పు చేస్తే దిద్దకుండా చూస్తూ కూర్చునేది, నేనే కనిపెట్టేదాకా. "ఈ వయసులో నాకెందుకమ్మా ఈ చదువు, నువ్వున్నావుగా" అని విసుక్కునేవాణ్ణి. జోకులు వేసి తప్పించుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆవిడ తినకుండానే అన్నం డబ్బా మూత పెట్టేసి, నెమ్మదిగా అంది. "డాక్టర్లు నాకో గడువు చెప్పారు బాబాయ్ గారూ. సగం అయిపోయింది. అందుకే అడుగుతున్నాను. దీన్ని మీరు చూసుకుంటారా?"

నేను ఏదో ఒక మంచి మాట అన్నానని రాయాలని ఉంది. నేనన్నది ఇది: "నీకేమీ కాదమ్మా, నీ సర్వర్‌కే జ్వరం." ఆవిడ నవ్వింది. నన్ను నవ్వించడానికి నవ్వింది. ఆ తర్వాత మాత్రం నేను జోకులు మానేసి నేర్చుకున్నాను. ఆవిడ ఆస్పత్రిలో పడుకున్నాక కూడా వెళ్ళి పక్కన స్టూలు వేసుకుని పాఠం అప్పజెప్పేవాణ్ణి. ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే. ఊరంతా కరెంటు పోయి వచ్చిన రోజున ఆ సర్వర్ ఎవరి సాయం లేకుండా నిలబడాలి. ఆ ఏడాది అప్పటిదాకా తుఫాన్లేవీ మా మీదికి రాలేదు. "పరీక్ష రాకుండానే బడి అయిపోతోంది" అనేది.

చివరిసారి చూసినప్పుడు ఆవిడకి మాట సరిగా రావడంలేదు. "ఈసారి కరెంటు పోయి వస్తే ఏం చేస్తారు?" అంది.

"ముందు లాగ్ చూస్తాను. తర్వాత..."

"ఏమీ చేయరు. అన్నీ చేసేశాం. చేతులు కట్టుకుని కూర్చుంటారు."

"అలాగేనమ్మా."

"నమ్మండి బాబాయ్ గారూ. నన్ను కాదు, మనం చేసిన పనిని."

భూస్థాపన రోజున పొద్దుటినుంచీ గాలివాన. ఊరంతా కరెంటు లేదు. సమాధుల తోటలో మైకు లేక ఫాదర్ గారు గొంతెత్తి ప్రార్థన చదువుతున్నారు. ఆఫీసు వాళ్ళమంతా అక్కడే ఉన్నాం. పెట్టె దించారు. ఆరోగ్యమ్మ గారు ముందు మట్టి వేశారు, తర్వాత చుట్టాలు. నా వంతు దగ్గరపడింది. వంగి పిడికెడు మట్టి తీసుకున్నాను, వానకి ముద్దగా ఉంది. అప్పుడే గోడ అవతల కొట్టులో బల్బులన్నీ భగ్గున వెలిగాయి. ఏదో ఇంట్లో టీవీ అరిచింది. కరెంటు వచ్చింది. నా ముందు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. నేను వెనక్కి తిరిగి పరుగెత్తాను.

ఈ కథ టీకొట్టు దగ్గర చాలామందికి చెప్పాను. సమాధి దగ్గరనుంచి పరుగెత్తి, ఆటో ఎక్కి, ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కి, మునిగిపోతున్న సర్వర్‌ని ఒంటిచేత్తో నిలబెట్టి, ఆవిడ ఆత్మకి శాంతి కలిగించాను అని. వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. జరిగింది అది కాదు. ఆఫీసుకి వెళ్ళి కీబోర్డు మీద చేయి పెట్టబోతే, పిడికిలి ఇంకా మూసే ఉంది. తెరిచాను. అరచేతినిండా బురద. ఆ చేత్తో కీబోర్డు ముట్టుకోలేను. పరుగున వెళ్ళి వాష్ బేసిన్‌లో గబగబా కడిగేశాను. ఎర్రటి నీళ్ళు తిరిగి తిరిగి కన్నంలోకి పోయాయి. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. తెరమీద, ఎంతమంది నంబరు అడుగుతున్నారో చూపే గీత ఒకచోట గుణదల కొండలా లేచి, మళ్ళీ దిగి, ఎప్పటిలా నేలబారుగా సాగుతోంది. అందరూ అడిగారు, అందరికీ అందింది. ఒక్క ఫోనూ మోగలేదు. నేను దారిలో ఉండగానే అంతా అయిపోయింది.

అప్పుడర్థమైంది బేసిన్‌లో ఏం పోయిందో.

నెల రోజుల తర్వాత గుణదల వెళ్ళాను. ఆరోగ్యమ్మ గారు మంచినీళ్ళిచ్చి, "ఆ రోజు మిమ్మల్ని వెతికాను అన్నయ్యగారూ. అమ్మాయికి మట్టి వేశారా?" అని అడిగారు. "వేశానమ్మా" అన్నాను. జీవితంలో లక్ష గొప్పలు చెప్పి ఉంటాను. ఒక్కటీ బరువనిపించలేదు. ఇంత చిన్నది, రెండు మాటలది, ఇప్పటికీ మోస్తున్నాను. తర్వాత ఎన్నిసార్లు సమాధి దగ్గరికి వెళ్ళినా, అక్కడ రాయి పరిచేశారు. మట్టి వేసే చోటే లేదు.

నిన్న ఆ దీపం ముందు నిలబడి చేతులు కట్టుకున్నాను. కుడిచేయి దానంతటదే పిడికిలిగా బిగుసుకుంటుంది, అది నా అలవాటు. మా ఆఫీసు మూతబడి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ నంబరు ఇచ్చేది ఎక్కడి సర్వరో, దాన్ని ఎవరు చూసుకుంటున్నారో తెలియదు. అయినా దీపం మిణుకుతున్నంతసేపూ నా కాళ్ళు పరుగెత్తాలనే చూస్తాయి. నిలబెట్టుకున్నాను. కాసేపటికి అది నిలకడగా వెలిగింది. "వచ్చిందా?" అని మా ఆవిడ లోపలినుంచి కేకేసింది.

"వచ్చింది" అన్నాను. "నేనేమీ చేయలేదు."