చెవిలోని తూములు

వినడం రాకముందు చెవి ఏం చేస్తూ ఉంటుంది? డిగ్రీలో మా జువాలజీ మేడం వేసిన ప్రశ్న ఇది. ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను. పోయిన నెల ఒక మధ్యాహ్నం వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "అమ్మీ పోయారండీ, నిద్రలోనే" అన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ ప్రశ్నే వచ్చింది.

పాఠం మంచి పట్టు మీద ఉన్నప్పుడు మేడం తన చెవి తమ్మె తానే లాగుకునేవారు. సుద్దముక్క పొడితో ఆ చెవి తెల్లబడేది. ఎవరైనా "అర్థమైందండీ" అంటే వదిలేవారు కాదు. "పక్కనున్న పిల్లకి చెప్పు. ఆ పిల్ల తలూపితే నమ్ముతా" అనేవారు.

కాల్షియం చానెళ్ల పాఠం రోజు నన్ను లేపారు.

"నువ్వు కంకిపాడు పిల్లవి కదూ? కాలవ నిండా నీళ్లున్నాయి. మీ చేలో తడి లేదు. ఎందుకని?"

"మా తూము తెరవలేదండీ."

"కూర్చో. సగం పాఠం నువ్వే చెప్పేశావ్."

మిగతా సగం ఆవిడ చెప్పారు. లోపలి చెవిలో, నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో, నెత్తిన సన్నటి వెంట్రుకలున్న కణాలు వరసగా ఉంటాయి. శబ్దం వచ్చి ఆ వెంట్రుకల్ని వంచుతుంది. కణంలో విద్యుత్తు మారుతుంది. వెంటనే కణం అడుగున ఉన్న తూములు, అంటే ఈ చానెళ్లు, తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. అంచున సిద్ధంగా ఉన్న చిన్న చిన్న రసాయనపు పొట్లాలు విచ్చుకుని, కబురు నరానికి అందుతుంది. "రెప్పపాటులో జరుగుతుందని మాత్రం పరీక్షలో రాయకండి. మీరు రెప్ప వేసేలోపు ఇది ఎన్నిసార్లు జరిగిపోతుందో. రెప్పది నత్తనడక దీని ముందు." ఆవిడ అంత సంబరంగా చెబుతుంటే వెనక బెంచీ వాళ్లు కూడా చెవులు తడుముకున్నారు.

చాలా ఏళ్లకి మా తమ్ముడికి కూతురు పుట్టింది. ఏడాది దాటినా కుక్కర్ కూతకి తల తిప్పేది కాదు. పరీక్షలన్నీ అయ్యాక తెలిసింది, కణాల్లో ఆ కాల్షియం చానెళ్లే పుట్టుకతో పనిచేయడం లేదని. కాల్షియం అన్న మాట మా అమ్మకి బాగా పట్టింది. ఆ సాయంత్రమే కాల్షియం సిరప్ తెప్పించి పాలల్లో కలపడం మొదలుపెట్టింది. రాగిజావ సరేసరి. అందర్నీ వెంటబెట్టుకుని వన్ టౌన్‌లో మేడం గారింటికి వెళ్లాను.

మేడం పడీపడీ నవ్వారు. "వదినగారూ, కాలవలో నీళ్లకి లోటు లేదు. పాపకి తూము తెరుచుకోవట్లేదు. మీరు ఇంకో కృష్ణని తెచ్చి పోసినా చేను తడవదు."

"పోనీ ఆ తూమే బాగుచేయిస్తే?" అంది అమ్మ.

"అది ఇవాళ్టికి ఎవరికీ చేతకాదమ్మా. కానీ నరం బాగుంది. తూముతో పనిలేకుండా పక్కనుంచి పైపు వేసేద్దాం."

చెవిలో సన్నటి తీగ పెట్టి నేరుగా నరానికే కబురు చెప్పే ఆపరేషన్ గురించి ఆవిడ అంటున్నది. మాటల మధ్యలో హఠాత్తుగా పాప మణికట్టు పట్టుకుని గోడగడియారం వైపు చూస్తూ ఉండిపోయారు. చెయ్యి వదిలి చెవి తమ్మె లాగుకున్నారు.

"నాడి నిదానంగా ఉంది. ఉండాలి కూడా. ఇవే తూములు గుండెలోనూ ఉంటాయి, దాని లయ నడిపిస్తూ. మత్తు డాక్టరుకి ఈ మాట ముందే చెప్పండి."

చెప్పాం. ఆయన కూడా రిపోర్టు చూసి అదే అన్నాడు, గుండె మీద ఓ కన్ను వేసే చేస్తామని. ఆ మాటతో మా తమ్ముడికి భయం రెట్టింపైంది. నిదానపు గుండెతో, చంటిపిల్లకి, తలలో ఆపరేషన్. మళ్లీ మేడం దగ్గరికే వచ్చాడు.

"మీ మనవరాలైతే చేయిస్తారా మేడం?"

"చేయిస్తా. రేపే."

"అంత తొందరేంటండీ?"

అప్పుడు వచ్చింది నా పాత ప్రశ్నకి జవాబు. వినికిడి ఇంకా మొదలవని ఎలుక పిల్లల్లో శాస్త్రవేత్తలు చూశారట. బయట ఏ శబ్దమూ అందకపోయినా ఆ కణాలు వాటంతటవే తూములు తెరుచుకుంటూ మెదడుకి కబుర్లు పంపుతుంటాయట. కచేరీకి ముందు శ్రుతి చూసుకుంటున్నట్టు. రేపు రాబోయే శబ్దానికి ఇవాళే దారి వేస్తాయన్నమాట.

"మన పాపకి తూములే తెరుచుకోవు కదండీ. మరి దారి పడి ఉంటుందా?" అన్నాను.

"తెలీదు," అన్నారు మేడం. "తెలీదు కాబట్టే తొందరపెడుతున్నా."

ఆపరేషన్ బాగానే జరిగింది. చెవి వెనక తగిలించి ఆ తీగకి శబ్దం అందించే యంత్రం మొదటిసారి ఆన్ చేసిన రోజు మోకాళ్ల నొప్పులతోనే మేడం ఆస్పత్రికి వచ్చారు. పాప వెనక నిలబడి చేతి గాజులు ఒక్కసారి ఆడించారు. పాప చేతిలో బిస్కెట్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. గిర్రున తిరిగి ఆ గాజుల్ని చూసింది. మేడం మళ్లీ ఆడించారు. మళ్లీ చూసింది. మా తమ్ముడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. మేడం మాత్రం నన్ను మోచేత్తో పొడిచి, "అందిందే, నరానికి అందింది" అంటూ చిన్నపిల్లలా గంతేయబోయి మోకాలు పట్టుకున్నారు.

ఇప్పుడు పాపకి ఆరేళ్లు. మాటలు కొన్ని తొందరగా వచ్చాయి, కొన్ని ఇంకా కూడబలుక్కుంటుంది. మేడంని చివరిసారి చూడ్డానికి దాన్నీ తీసుకెళ్లాం. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని మెల్లగా ప్రార్థనలు చదువుకుంటున్నారు. పాప కాసేపు విన్నది. తర్వాత చెవి వెనక యంత్రం తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి మేడం ముఖానికి దగ్గరగా కూర్చుంది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"పెట్టక్కా, విననీ," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

నేను లేవలేదు. తలనుంచి విడిపోయిన ఆ యంత్రం నా అరచేతిలో ఆకుపచ్చగా మినుకుమంటూ ఉంది. మేడం అంత ఆరాటపడి ఇప్పించిన వినికిడిని ఆ ఒక్క పూట పిల్ల వద్దనుకుంటే, తిరిగి పెట్టి ఉండాల్సిందా, అలా వదిలేయడమే సరైనదా, నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.