ఆరు కాదు, పదిహేను

సౌభాగ్య మా నీళ్ల పరీక్షల ల్యాబులో చేరిన నాడే నాకు ఒళ్లు మండింది. రాయచూరులో ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి నీళ్లు పట్టుకొస్తున్న హంపయ్యను నేను. సీసా మీద నీళ్లు పట్టిన టైము రాయలేదని నన్నే నిలదీసింది! పిల్ల కాదు, పిడుగు అనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో గిల్లేసూగూరు నుంచి నింగమ్మ వచ్చింది. వాళ్ల చేను పక్క కాలువలోకి ఒక రైసుమిల్లు నీళ్లు వదులుతుంది. అందులో పురుగుమందు లీటరుకు ఆరు మైక్రోగ్రాములే ఉందని, హద్దు పది కాబట్టి పరవాలేదని అంతకుముందే రిపోర్టు ఇచ్చాం. సంతకం సౌభాగ్యది. నింగమ్మ ఆ కాగితం బల్ల మీద పెట్టింది.

"దూడలు రెండు సచ్చినయి. ఉన్న ఒక్క బర్రెకు ఈ నీళ్లు తాపాల్నా, వద్దా? నీ నోటితో చెప్పమ్మా."

సౌభాగ్య నోరు తెరిచేలోపే, కాగితంలో ఉందిగా, ఇంకా అడిగేదేముందని నేను కసిరాను. నింగమ్మ వెళ్లిపోయింది. సౌభాగ్య మాత్రం ఆ నీళ్లు పట్టినప్పుడు ఎలా ఉన్నాయని అడిగింది. వడ్లు ఉడకబెట్టిన నీళ్లు, గంజిలా చిక్కగా, పులిసిన కంపు అన్నాను. తల పట్టుకుంది. నేను వడగట్టి ఇచ్చేసరికి అవి తేటగా కనిపించి, ఆమె మామూలు నీళ్లే అనుకుందట.

మా దగ్గరికి ఎప్పుడూ వచ్చేవి బోరు నీళ్లు. అందుకే శుభ్రమైన నీళ్లలో తెలిసిన లెక్కకు మందు కలిపి, దాంతోనే మందు ఎంతుందో కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌ను సరిచూసుకుంటాం. గంజి, ఉప్పు నిండిన నీళ్లలో ఆ యంత్రానికి మందు సరిగా ఆనదు. జాతరలో పక్కవాడి మాట వినపడనట్టే.

ఆమె ఆ కాలువ నీళ్లలోనే లీటరుకు పది చొప్పున మందు కలిపి మళ్లీ యంత్రంలో పెట్టింది. పది పెరగాలి కదా, నాలుగే పెరిగింది. ఇరవై కలిపితే ఎనిమిది, ముప్పై కలిపితే పన్నెండు. ఇంకేముంది, లెక్క తేలిపోయింది. పదిని నాలుగుగా చూపే యంత్రం ఆరు చూపిందంటే, అక్కడ ఉన్నది పదిహేను.

మేనేజరు విరూపాక్ష అడ్డుపడ్డాడు. ఇచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే ల్యాబు పరువేం కావాలి, కొత్తగా తెచ్చిన నీళ్లని రాసేద్దామని నచ్చజెప్పాడు. సౌభాగ్య గొంతు పెంచలేదు.

"నీళ్లు అవే సార్. తప్పు నాది. గట్లనే రాస్త."

నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. కొత్త రిపోర్టు పట్టుకుని ఇద్దరం నా బండి మీద గిల్లేసూగూరు వెళ్లాం.

నింగమ్మ వాకిట్లో బర్రె ముందు తొట్టినిండా కాలువ నీళ్లున్నాయి. మొదటి కాగితం తప్పని, ఆ తప్పు తనదేనని, ఈ నీళ్లు తాపొద్దని సౌభాగ్య చెప్పింది. నింగమ్మ కొత్త కాగితం అందుకోలేదు.

"సంతకం ఉందని మూడు దినాల సంది తాపుతున్న."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను కసరకుండా ఉంటే ఈ నీళ్లు తాపడం ఆ రోజే ఆగి ఉండేది. నింగమ్మ బర్రెను పక్కకు తోలి తొట్టిని ఎత్తబోయింది. బరువుకు అది కదల్లేదు. సౌభాగ్య చేతిలోని కాగితం నాకిచ్చి, వెళ్లి రెండో అంచు పట్టింది.