కాలిలో ఇనుము ఉండగానే

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను మార్తను, మీ అందరికీ తెలిసినదాన్నే, కానీ ఈమధ్య నన్ను ఎదురుపడి పలకరించినవాళ్ళు మీలో ఎంతమంది అని అడిగితే తలలు దించుకుంటారు గనుక అడగను.

కిందటేడు ఉభాల్లో, వరినాట్లకు నారుకట్టలు మోస్తూ గట్టు మీద జారిపడ్డాను, మోకాలి కింద ఎముక విరిగింది, రాజాంలో ఆపరేషన్ చేసి ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు, మీరందరూ ప్రార్థన చేశారు, ఎముక అతికింది, దేవునికే మహిమ! మళ్ళీ నాట్లకు వెళ్తాను, నా కూలి నేను తెచ్చుకుంటాను, ఒకరి మీద పడి బతకను అని ఎంత సంబరపడ్డానో!

ఆ సంబరం మా వదిన గుమ్మం దాకే. నాట్లు వేసే ఆడవాళ్ళ జట్టుకు మేస్త్రి మా వదినే. ఇదిగో, ముందు వరసలోనే కూర్చుంది, తన ఎదుటే చెబుతున్నాను. "ఒలే మార్తా, నీ కాల్లో ఇనుముంది గదా, పిడుగు దాని మీదకే వస్తాది. నీ పక్కనున్నోళ్ళ పిల్లలేటైపోవాల? అది తీయించుకొని రా, అప్పుడు పిలుస్తాను" అంది. నా కోసం మోకాళ్ళ మీద ఏడ్చి ప్రార్థించిన మనిషే ఆ మాట అంది.

అయ్యో, నేనూ నమ్మేశానండీ! మబ్బు పట్టిందంటే చాలు, నా కూతుర్ని గదిలో పెట్టి గడియ వేసి, ఒక్కదాన్నే వసారాలో కాలు చాపుకొని కూర్చునేదాన్ని, అది అమ్మా అమ్మా అని ఏడ్చినా దగ్గరకు తీసేదాన్ని కాదు. "ప్రభువా, ఎముకను అతికించినవాడివి, ఈ ఇనుమును తీసెయ్యలేవా?" అని నేల మీద పడి అడిగేదాన్ని.

చివరకు స్క్రూలు తీసెయ్యమని, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గర పట్టుబట్టాను. ఆవిడ ఎక్స్‌రే చూసి, "ఎముక బాగా అతికింది. నొప్పి లేదు, చీము లేదు, స్క్రూ వదులవలేదు. మరెందుకు తీయడం? మళ్ళీ మత్తు, మళ్ళీ కోత, ఆ చిల్లులు పూడేదాకా ఎముకకు బలం ఉండదు" అంది. పిడుగు సంగతి చెప్పి ఏడ్చాను. "కాల్లో ఇనుము పిడుగును పిలవదమ్మా. ఉరిమితే అందరికీ ప్రమాదమే, అందరూ పొలం వదిలి ఇళ్ళల్లోకి పోవాలి" అంది.

డాక్టరమ్మ నోట నా దేవుడే పలికాడు! ఆ సాయంత్రం ఉరుములు మొదలవగానే నా కూతుర్ని ఒళ్ళోకి లాక్కున్నాను. "ప్రభువా, నేను ఇనుము తీయమంటే నువ్వు నా భయం తీశావు, స్తోత్రం" అన్నాను, అది నా మెడ పట్టుకొని నిద్రపోయింది.

ఈ సంగతి వదినకు చెబితే "డాకటేర్లు అలాగే అంతారు, తీయించుకొనే రా" అంది. మళ్ళీ ఉభాలు వచ్చాయి, నన్ను ఎవరూ పిలవలేదు. నాకు విడుదల దొరికింది గాని పని దొరకలేదు. సంతోషంగా చెప్పవలసిన సాక్ష్యాన్ని ఇలా పళ్ళు బిగపట్టి చెబుతున్నాను, ప్రభువు నన్ను క్షమించాలి.

నన్ను నడిపించిన దేవునికి వేలాది స్తోత్రాలు! ఆయన్ను నమ్మండి అని మీ అందరినీ బతిమాలుకుంటున్నాను. వదినా, నువ్వు ఆమేన్ తరవాత అందువుగాని, ముందు రేపు ఉభాలకి ఎల్తూ నన్ను కేకెయ్యి.