రెండో సాక్షి

బెళ్ళందూరులోని మా అపార్ట్‌మెంట్ నుంచి ఆ ఆర్కైవ్‌కి వెళ్లాలంటే ఒక పూట ట్రాఫిక్‌కి సమర్పించుకోవాల్సిందే. రిటైరై ఒంటరిగా ఉంటున్నదాన్ని, నాకు పూటలకేం కొరత? పాత బెంగళూరు పేటల ఫోటోలూ పత్రాలూ అక్కడ భద్రపరుస్తున్నారనీ, ఫోటోల్లోని మనుషుల్ని గుర్తుపట్టగలవాళ్లు ఉంటే రమ్మంటున్నారనీ పేపర్లో చదివాను. మాది బళేపేటలో గాజుల అంగడి. మా వీధి గోడ ఒక్కటి కనిపించినా చాలనుకుని వెళ్లాను.

గోడ కాదు, మా అమ్మే కనిపించింది.

ఒక అంగడి అరుగు. కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపిన ఒక అమ్మాయి. ఆ చేతికి గాజులు ఎక్కిస్తున్న ఆవిడ మొహం మాత్రం లోపలి వైపు తిరిగిపోయి ఉంది. కనిపించేవల్లా కొప్పూ, ఒక చెవీ, రెండు చేతులూ. గాజులు తొడిగేవాళ్లెవరైనా చేతినే చూస్తారు. మా అమ్మ ఒక్కతే ఎదుటివాళ్ల బొటనవేలు లోపలికి మడిచి పట్టుకుని, తన చూపు పక్కకి తిప్పేసేది. చూస్తే తనకే భయమేసి చెయ్యి బిగుసుకుంటుందనేది. మొహం కనబడకపోవడమే నాకు ఆనవాలు.

అక్కడ పనిచేసే అమ్మాయి ఆంధ్రా నుంచి వచ్చిన పిల్ల. "మీరు చెప్తే నేను నమ్ముతాను మేడం. కానీ ఫేస్ కనిపించట్లేదు కదా. ఆవిడ తెలిసినవాళ్లు ఇంకొకరు కూడా ఫోటో చూసి కన్ఫర్మ్ చేయాలి. మా రూల్ అది. అప్పుడే క్యాటలాగ్‌లో పేరు ఎక్కిస్తాం" అంటూ ఫోటో నకలు, సంతకానికి ఒక కాగితం ఇచ్చింది. నాకు ఒళ్లు మండింది. కన్నతల్లికి సాక్ష్యం కావాలట. కాసేపటికి, పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుందిలే అనుకున్నాను. మొహం లేని ప్రతి ఫోటోలోనూ నాలాంటి వాళ్లు అమ్మల్ని చూసుకుంటూనే ఉంటారు కాబోలు.

ఎవరున్నారా అని ఇంటికొచ్చి ఆలోచించాను. నాన్న లేడు. అక్క పోయింది. పక్క అంగడివాళ్లు ఎప్పుడో అమ్ముకుని ఎటో వెళ్లిపోయారు. చివరికి నగర్తపేటలో ఉండే పెద్దమ్మ ఒక్కతే తేలింది. చుట్టరికమేం లేదు, పిలుపే. ఆవిడ పెళ్లి గాజులతో మొదలుపెట్టి అన్నీ మా అమ్మే తొడిగింది.

కింద గోడౌన్, పైన ఇల్లు. నేను గడపలోంచి పలకరించగానే, "ఎవురు, గాజులంగడి చిన్నపాపా? రా, కూసో. అచ్చం మీయమ్మ గొంతే ఉండాది నీకు" అంటూ చేత్తో నా మొహం తడిమింది. చూపు పూర్తిగా పోయిందని అప్పుడు తెలిసింది.

వచ్చిన పని చెప్పాను. చూపు లేకపోయినా, అమ్మ అలవాటు ఆవిడ నోటి నుంచి దానంతటది వస్తే ఆర్కైవ్ అమ్మాయిని ఎలాగోలా ఒప్పించొచ్చని నా ఆశ. అందుకే మాట అందించకుండా అడిగాను.

"పెద్దమ్మా, మాయమ్మ గాజులు ఎట్ల తొడుగుతా ఉండె?"

"బాగా తొడుగుతా ఉండె."

"బాగా అంటే ఎట్ల?"

"ఎట్లంటే ఏం చెప్పేది అమ్మణ్ణీ? అందరి మాదిరే."

ఆవిడ తప్పేం లేదు. నొప్పికి కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లకి, తొడిగే మనిషి చూపు ఎటుందో ఏం తెలుస్తుంది? బడి నుంచొచ్చి అరుగు మీద కూర్చుని ఆ మొహాన్ని చూసిందాన్ని నేనే.

"అయితే ఏమిప్పుడు? యాడ వేలిముద్ర ఎయ్యాల్నో చూపించు, ఏస్తా. మీయమ్మని నువ్వు చెప్తా ఉంటే ఇంకేం కావాల?" అని చెయ్యి చాపింది పెద్దమ్మ.

నేను కాగితం బయటికి తియ్యలేదు. వేయించుకుంటే అది ఆవిడ మాట అవదు, నా మాటే రెండోసారి అవుతుంది. ఆ చేతిని కాసేపు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కోడలు ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. బస్సులో ఏడ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

తర్వాత ఆర్కైవ్‌కి వెళ్లి, ఇంకెవరూ దొరకలేదమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. కంప్యూటర్లో ఏదో కొట్టి, తెర నా వైపు తిప్పి, నాకోసం తెలుగులో చదివింది.

"బళేపేట. గాజులు తొడుగుతున్న స్త్రీ. ఎవరో తెలియదు. ఇలా ఉంచెయ్యమంటారా మేడం?"

ఉంచెయ్యమ్మా, అన్నాను.